తేలూరు తెడ్ల సంఘం

మౌనానికి ముప్ఫై నాలుగు రోజులు

ఈ పుస్తకం తాళ్ళ గురించి రాయడానికి ఇచ్చారు. తేలూరులో నీళ్ళ మీద ఇళ్ళు నూట పన్నెండు. ఇంటికి నాలుగు తాళ్ళు. ఒక్కొక్క తాడూ చేత్తో తడిమి చూసి సాయంత్రానికల్లా ఇందులో ఒక ముక్క రాయాలి. పద్దెనిమిదేళ్ళుగా రాస్తున్నాను. ఇప్పటిదాకా ఒక్కడూ చదివిన పాపాన పోలేదు. అందుకని ఇవాళ్టి నుంచి తాళ్ళతో పాటు నాకు తోచింది కూడా రాస్తాను. అడిగేవాడు వస్తే అప్పుడు చూసుకుందాం.

తాళ్ళు: బాగున్నాయి. పడమటి వరసలో రెంటికి నాచు పట్టింది.

తీర మండలి వాళ్ళు ఇవాళ మౌనం తేదీ చెప్పారు. వచ్చే నెల ఇరవై మూడు నుంచి తొమ్మిది రోజులు. మా పడవలన్నిటినీ నడిపే యంత్రం ఉందే, సారథి, సూర్యుడి దుమారం తగిలినప్పుడు దానికి ఆకాశం నుంచి వచ్చే మాట వినపడదు. మాట వినపడకపోతే పడవలన్నీ ఉన్నచోటే బిగుసుకుపోతాయి. వాటికి చుక్కాని లేదు, తాళంచెవి లేదు, మనిషి పట్టుకుని తిప్పడానికి ఏమీ లేదు. మనుషులు నడిపితే గుద్దుకుంటున్నారని మా అమ్మ చిన్నతనంలోనే అవన్నీ పీకేశారట.

నిరుడు మౌనం మూడు రోజులే. మా చెల్లెలు కనకరత్నానికి మూత్రపిండాలు పాడయ్యాయి. మంగళవారం, శుక్రవారం గట్టు మీది ఆస్పత్రిలో రక్తం కడుగుతారు. నిరుడు ఒక్క మంగళవారం తప్పింది. మొహం ఉబ్బిపోయి, ఊపిరి అందక, పడుకోలేక నా భుజానికి ఆనుకుని కూర్చుంది. గుమ్మం ముందు పడవ కట్టి ఉంది. శుభ్రంగా తుడిచి ఉంది. కదలదు. ఆరు కిలోమీటర్ల అవతల ఆస్పత్రి నీళ్ళ ట్యాంకు మా వాకిట్లోంచి కనపడుతూనే ఉంది. మూడు రోజులకే అలా అయితే తొమ్మిది రోజులకి ఏమవుతుందో ఎవరూ నాకు చెప్పక్కర్లేదు.

మౌనం రోజుల్లో రోగులు అక్కడే ఉండటానికి ఆస్పత్రి వసతిలో మంచాలు పన్నెండు. నీళ్ళ మీది ఊళ్ళు నలభై. చీటీలు తీశారు. కనకం పేరు రాలేదు.

"పోనీలేవే అక్కా" అంది కనకం బియ్యం ఏరుకుంటూ. "తొమ్మిది రోజులు నోరు కట్టుకుని పడుంటాను. ఏదోటి అవుద్దిలే."

"ఏదోటి అవుతుందనేనే నా భయం" అన్నాను.

మౌనానికి ముప్ఫై ఒక్క రోజులు

తాళ్ళు: బాగున్నాయి. బడి తాడు మార్చాను.

బడి తాడు మార్చడానికి వెళితే లోపల రహమతున్నీసా టీచరమ్మ సముద్రాల పాఠం చెబుతోంది. గోడ మీద ఒక బొమ్మ. సన్నగా పొడుగ్గా పడవ, అందులో ఆరుగురు ఒకరి వెనక ఒకరు, ఒక్కొక్కరి చేతిలో ఒక తెడ్డు. పడవకి ఎడమ పక్కన రెండు కర్రలు చాపి, వాటి చివర ఒక దుంగ కట్టారు.

"టీచరమ్మా, ఆ దుంగ ఎందుకు?"

"పడవ తిరగబడకుండా, వరహాలమ్మ గారూ. పసిఫిక్ దీవుల వాళ్ళు ఇలాంటి పక్కదుంగ పడవల మీదే సముద్రాలు దాటేవాళ్ళు."

"ఇంజనో?"

"చేతులే ఇంజను."

బొమ్మ గోడ మీంచి పీక్కుని నేరుగా వడ్రంగి గంటయ్య బాబాయి దగ్గరికి వెళ్ళాను. పిల్లలు ఓ అని అరిచారు. బాబాయికి డెబ్భై. నలభై ఏళ్ళుగా తలుపులు, కిటికీలు, ఇళ్ళ కింద డబ్బాల చట్రాలు తప్ప పడవ ముట్టుకోలేదు. బొమ్మ పట్టుకుని అటు తిప్పి ఇటు తిప్పి చాలాసేపు చూశాడు.

"పడవంటావా దీన్ని? సొరకాయకి పుల్ల గుచ్చినట్టుంది."

"కడతావా, కట్టవా?"

"కట్టనని ఎవడన్నాడే? మజ్జిగియ్యి, కూకుని ఆలోసిత్తాను."

మౌనానికి ఇరవై ఏడు రోజులు

తాళ్ళు: బాగున్నాయి. నా పాదం బాగాలేదు.

తీర మండలి పరిశీలకుడు దక్షిణామూర్తి గారు వచ్చారు. గట్టు మనిషి. చేతి పడవకి అనుమతి కావాలని నేనే కబురు పెట్టాను. పెట్టినదాన్ని ఆయన ఎప్పుడొస్తారో కనుక్కుని ఉండాల్సింది. సరిగ్గా కనకం అన్నం వార్చే వేళకి వచ్చారు.

మా ఇళ్ళు నీళ్ళ మీద తేలేవి కదా, ఒక పక్కన బరువు పడితే ఆ పక్కకి ఒరుగుతాయి. అందుకే మా పిల్లలకి నడక కంటే ముందు నేర్పేది ఒకటే, నేల ఎటు దిగితే దానికి ఎదురు పక్కకి జరగడం. "పల్లానికి పోయినోడు నీళ్ళకి పోయాడు" అని సామెత. ఎవరూ ఆలోచించరు, నడుము దానంతట అదే జరుగుతుంది. నిద్రలో కూడా జరుగుతాం.

ఒక్క వేళ మాత్రం జరగకూడదు. గిన్నెకి మూత పెట్టి, గుడ్డతో పట్టుకుని, గంజి వంచేటప్పుడు. అప్పుడు అందరూ ఎదురు జరగబోతే ఇల్లు ఊగి వేడి గంజి వార్చే మనిషి మీద పడుతుంది. కాబట్టి ఆమె "గంజి" అని ఒక్క మాట అంటుంది. అంతే, ఇల్లు ఎంత ఒరిగినా ఎవరి చోట వాళ్ళు బరువుగా కూర్చుండిపోతారు. చేతిలో పని ఆపక్కర్లేదు, ఉల్లిపాయలు తరగొచ్చు, పేక ఆడొచ్చు. నడుము మాత్రం కదలకూడదు. మంచినీళ్ళు మాకు కొలిచి ఇస్తారు, గంజి చుక్క కూడా పారబోయం. అందుకని ఊళ్ళో అన్ని ఇళ్ళలోనూ రెండు పూటలా ఈ మాట వినపడుతుంది.

కనకం "గంజి" అంది. నేను గుమ్మం దగ్గర ఆగిపోయాను. దక్షిణామూర్తి గారు ఆగలేదు. "లోపలికి రావచ్చా అమ్మా" అంటూ గబగబా నడిచి వచ్చారు. ఇల్లు ఊగింది. కనకం గిన్నె వదలకుండా పక్కకి తిప్పేసింది. ఆ పక్కన నేనున్నాను.

ఆయన చాలా బాధపడ్డారు. నా పాదానికి తన జేబురుమాలు తడిపి ఆయనే చుట్టారు. "ఆ మాట అంటే కదలకూడదని నాకు తెలీదమ్మా" అని నాలుగుసార్లు అన్నారు. ఆ బాధలోనే అనుమతి సంగతి తేల్చేద్దామని అడిగాను. బాధ బాధే, నిబంధన నిబంధనే అట. ఒక సంఘం పెట్టాలి. దానికి పేరుండాలి. ఆరుగురు సభ్యులుండాలి. తిరగబడకుండా ఒకసారి గట్టు దాకా వచ్చి చూపించాలి. అప్పుడు పడవకి బిళ్ళ ఇస్తారు. బిళ్ళ లేకపోతే సారథి పడవలకి మా పడవ కనపడదు, వచ్చి గుద్దేస్తాయి. పరీక్ష మౌనానికి నాలుగు రోజుల ముందు పెట్టుకున్నాం.

మౌనానికి ఇరవై రెండు రోజులు

తాళ్ళు: బాగున్నాయి.

సంఘం పెట్టడం కంటే సంత పెట్టడం తేలిక. నేనూ, గంటయ్య బాబాయీ ఇద్దరం. బొమ్మ పీకేశానన్న కోపం పోయాక రహమత్ టీచరమ్మ చేరింది, ముందు కూర్చుని అందరికీ ఒకే ఊపు పట్టించడం తన పనని ఆమే చెప్పేసింది. సారథి పడవలు తుడిచే ఇమ్మానుయేలు చేరాడు. "పన్నెండేళ్ళు పడవలు తుడిచాను గానీ అక్కా, ఒక్కటీ నడపలా" అన్నాడు. వాడి గొంతులో దిగులు విని నాకే దిగులేసింది.

మిగతా ఇద్దరి కోసం తూర్పు వరసలో తోటికోడళ్ళు నూకాలు, భూలోకాల దగ్గరికి వెళ్ళాను. ఒక జాడీ ఆవకాయ దగ్గర మాటామాటా పెరిగి రెండేళ్ళుగా మాటల్లేవు. నాకు ఒక్కరు దొరికినా చాలనుకున్నాను. నూకాలు చేరుతోందని తెలిసి భూలోకం చేరింది. భూలోకం చేరిందని తెలిసి నూకాలు మానేస్తానంది, మానేస్తే ఓడిపోయినట్టని మళ్ళీ చేరింది. ఇద్దర్నీ ఒకరి వెనక ఒకర్ని కూర్చోబెట్టాను. మొహాలు చూసుకోనక్కర్లేదు.

బాబాయి పడవ మధ్యలో ఏడో చోటు ఉంచాడు, కనకం పడుకుని వెళ్ళడానికి. సాయంత్రం అందరి పేర్లూ కాగితం మీద రాశాను. ఒకటి నుంచి ఆరు దాకా ఎదురుగా "తెడ్డు" అని, ఏడుకి ఎదురుగా "రోగి" అని. కనకం ఆ కాగితం చదివి మడిచి నా చేతికిచ్చింది.

"నేను సరుకన్నమాట" అంది. పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది.

ఏం తప్పు రాశానో నాకు అర్థం కాలేదు. రోగిని రోగనక ఏమంటారు?

మౌనానికి పదిహేను రోజులు

తాళ్ళు: చూశాను.

పడవ ఇవాళ నీళ్ళలో దిగింది. కొబ్బరికాయ కొట్టాం, టీచరమ్మ దువా చేసింది, ఇమ్మానుయేలు ప్రార్థన చేశాడు. మూడు వైపుల నుంచీ మొక్కాం. ఇళ్ళ వరసల మధ్య మడుగులో ఊరంతా చూస్తుండగా ఎక్కాం. ముప్ఫై తెడ్లు వేశామో లేదో, బయట ఎవరిదో సారథి పడవ పోయిన అల ఒకటి వచ్చింది. పక్కదుంగ కాస్త దిగింది. మరుక్షణం ఆరుగురం నీళ్ళలో ఉన్నాం, పడవ మా నెత్తిన ఉంది.

ఊరు నవ్వింది. నవ్వదా మరి. నేనైనా నవ్వేదాన్నే.

మళ్ళీ ఎక్కాం. మళ్ళీ పడ్డాం. పొద్దు గూకేలోపు నాలుగుసార్లు. నూకాలు ముక్కుపుడక పోయింది.

మౌనానికి పదకొండు రోజులు

తాళ్ళు: సరిగ్గా చూడలేదు.

ఇప్పటికి పంతొమ్మిది సార్లు తిరగబడ్డాం. మొదట బాబాయి పనితనాన్ని అన్నాం. ఆయన దుంగ విప్పి బరువుది కట్టాడు. పడ్డాం. ముహూర్తం అన్నాం. మార్చాం. పడ్డాం. భూలోకం బరువన్నారు ఎవరో, ఎవరన్నదీ నేను రాయను. ఆమె ముందుకెళ్ళింది. పడ్డాం.

ఇవాళ ఇమ్మానుయేలు దిగిపోయి మడుగు పక్కన ఒక ఇంటి అరుగు మీద కూర్చుని మమ్మల్ని చూశాడు. పడ్డాక ఈదుకుంటూ వచ్చి చెప్పాడు.

"పడవ బానే ఉందక్కా. మనవే బాలేదు. ఎడం పక్క దుంగ దిగ్గానే మీరందరూ కుడికి జరిగారు. దుంగ గాల్లో లేచిపోయింది. ఇంకేటి ఆపుద్ది పడవని?"

అప్పుడు వెలిగింది. దుంగ దిగితే దాని మీదే ఒరగాలి. అదే ఆనుకోవడానికి ఉంది. కానీ మేం నేల దిగిన పక్కకి ఒరిగే మనుషులమా? పుట్టినప్పటి నుంచీ ఎదురు జరగడమే నేర్చుకున్నాం. దీవుల వాళ్ళకి ఈ బాధ లేదు, వాళ్ళ ఇళ్ళు నేల మీద ఉంటాయి.

తెలిసింది కదా, ఇక తేలికే అనుకున్నాం. తెలియడం ఒకటి, నడుముకి తెలియడం ఒకటి.

మౌనానికి ఏడు రోజులు

తాళ్ళు: ఒకటి తెగింది. అది నా వల్లే.

నడుముకి నేర్పుదామని ఇళ్ళలో అభ్యాసం మొదలుపెట్టాం. ఇల్లు ఒరిగితే ఒరిగిన పక్కకే జరగాలి. మా ఆరుగురి ఇళ్ళూ ఒరిగి, వాటికి కట్టిన ఇళ్ళు ఒరిగి, పడమటి వరసంతా ఒక మూలకి గుంజుకుని తాడు ఫట్ మంది. వాళ్ళ పప్పు డబ్బాలు దొర్లిపోయాయి. తాళ్ళు కాపాడమని జీతమిచ్చి పెట్టుకున్న మనిషే తాళ్ళు తెంపుతోందని ఊళ్ళో మాట. నిజమే, ఏమంటాను.

తర్వాత అందర్నీ ఎడమ పక్కకి తాళ్ళతో కట్టి చూశాను. పడ్డాం, ఈసారి కట్టుకుని పడ్డాం. చాకు పెట్టి కోసుకుని బయటికొచ్చాం. ఇక కట్టను. పోనీ నేను వెనక కూర్చుని "ఎడమ, ఎడమ" అని అరుస్తాననుకున్నాను. అరిచే నేనే కుడికి ఒరిగి ఉంటాను.

ముప్ఫై ఒక్కసారి. కనకం రోజూ వాకిట్లో కూర్చుని చూస్తుంది. పడగానే తలలు లెక్కపెడుతుంది. ఆరూ లేచాక లోపలికెళ్ళి పొయ్యి వెలిగిస్తుంది.

"మానెయ్యవే అక్కా" అంది ఇవాళ. "నా కోసం ఆరుగురు పోతే ఆ పాపం నేను మొయ్యలేను."

నాకు కోపం వచ్చింది. ఏడుపు కూడా వచ్చింది. ఉన్నది ఒక్క చెల్లెలు. అది లేని ఇల్లు ఏ పక్కకి ఒరిగినా నాకు ఒకటే. ఆ మాట దానితో అన్నాను కూడా. అది నా తల తుడిచింది.

మౌనం, మొదటి రోజు

అయిదు రోజులు ముందే వచ్చేసింది. సూర్యుడికి తీర మండలి తేదీలు తెలియవు.

ఇవాళ ఆదివారం. పొద్దున్నే రేవులో పడవలన్నిటికీ ఎర్ర దీపాలు వెలిగాయి. రేపటి పరీక్ష లేదు. బిళ్ళ లేదు. కనకానికి శుక్రవారం రక్తం కడిగారు. మంగళవారం కడగాలి. బుధవారం దాకా ఓర్చుకుంటుందేమో. ఆ తర్వాత ఇంకా అయిదు రోజులు మౌనం ఉంది.

బిళ్ళ లేకుండా ఎలా అంది టీచరమ్మ.

"గుద్దడానికి ఏ పడవా కదలట్లేదుగా టీచరమ్మా" అన్నాడు ఇమ్మానుయేలు. "ఇయ్యాల సముద్రవంతా మనదే."

ఎవరైనా రానంటారేమోనని ఎదురుచూశాను. మానుకునేవాళ్ళు ఇప్పుడే చెప్పండి, తప్పు పట్టనన్నాను. నూకాలు కొంగు బిగించింది. అది చూసి భూలోకం బిగించింది. బాబాయి తెడ్లకి నూనె రాయడం మొదలుపెట్టాడు.

మౌనం, మూడో రోజు

గట్టు మీది ఆస్పత్రి వరండాలో రాస్తున్నాను. కనకం లోపలుంది. రక్తం కడుగుతున్నారు. బానే ఉందని నర్సు ఇప్పుడే చెప్పి వెళ్ళింది. ముందు ఆ ముక్క రాసేశాను. మిగతాది ఇక తాపీగా రాస్తాను. తెడ్డు పట్టి చేతులు బొబ్బలెక్కాయి, అక్షరాలు చూసి ఎవరూ నవ్వొద్దు.

తెల్లవారాక బయల్దేరాం. కనకాన్ని మధ్యలో దుప్పటి పరిచి పడుకోబెట్టాం. కాళ్ళు వాచి ఉన్నాయి. నిన్నటి నుంచీ ఏమీ తినలేదు. అందరి నడుములకీ గాలి డబ్బాలు కట్టాం, కనకానికి నేను రెండు అదనంగా కట్టాను. మడుగు దాటే దాకా బాగానే ఉంది. గాలి లేదు. టీచరమ్మ ఊపు పట్టించింది. మంచి రోజులాగే ఉంది. పూర్వం గోదారి సముద్రంలో కలిసిన చోటు ఉందే, మొగ, దాన్ని దాటితే గట్టు దగ్గరే. అక్కడ రెండు వైపుల నీళ్ళూ కొట్టుకుంటాయి. అక్కడికే మాకందరికీ భయం. ఎవరమూ పైకి అనలేదు.

మొగలోకి వెళ్ళగానే మొదటి అల వచ్చింది. ఎడమ పక్క నీళ్ళు ఒక్కసారి కిందకి జారిపోయాయి. దుంగ దిగింది, దానితో పడవ. వెనక కూర్చున్న నాకు అయిదు నడుములు కుడికి కదలడం కనపడింది. ఆరోది నాది. తెలుసు, ముప్ఫై ఒక్కసార్లు తెలుసు, అయినా కదులుతోంది. కనకం కింద ఉంది. పడవ తిరగబడితే ముందు అదే కిందకి వెళ్తుంది. "ఎడమ" అందామని నోరు తెరిచాను.

మధ్యలోంచి కనకం, తల కూడా ఎత్తకుండా, మామూలుగా అంది.

"గంజి."

ఆరుగురం ఆగిపోయాం. ఎక్కడి నడుము అక్కడే. బరువుగా, మా మా ఇళ్ళల్లో పీటల మీద కూర్చున్నట్టు కూర్చుండిపోయాం. దుంగ ఇంకాస్త దిగింది. ఆగింది. తర్వాత అల కిందనుంచి వెళ్ళిపోయి దుంగ దానంతట అది పైకి లేచింది. చేతులు మాత్రం ఆగలేదు. గంజి అన్నప్పుడు చేతిలో పని ఆపక్కర్లేదు కదా. తెడ్లు పడుతూనే ఉన్నాయి.

ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు. ఇంకో అల వచ్చింది. "గంజి" అంది కనకం. ఇంకోటి. "గంజి." ఒరగడం నేర్చుకోవాలని వారం రోజులు చచ్చాం. ఒరగనక్కర్లేదు, ఊరికే కూర్చుంటే చాలట. ఆ మాట మా ఊళ్ళో చంటిపిల్లకి తెలుసు. రోజుకి రెండు పూటలా, యాభై ఆరేళ్ళుగా నా చెవిలో పడుతోంది. నా పాదం మీద మచ్చ కూడా ఉంది. అయినా నా మట్టిబుర్రకి తట్టలేదు.

సగం మొగ దాటాక కనకం గొంతు పోయింది. పెదాలు కదులుతున్నాయి గానీ వినపడటం లేదు. అప్పుడు నూకాలు అందుకుంది, సన్నగా.

"గట్టిగా అనవే, ఎనక్కి ఇనపళ్ళా" అంది భూలోకం.

రెండేళ్ళలో వాళ్ళిద్దరి మధ్యా అదే మొదటి మాట. నూకాలు గట్టిగా అంది. తర్వాతి అలకి ఇద్దరూ కలిసి అన్నారు.

గట్టుకి చేరేసరికి ఒడ్డున దక్షిణామూర్తి గారు దుర్భిణి పట్టుకుని నిలబడి ఉన్నారు. మౌనంలో నీళ్ళ మీద ఏదో కదులుతోందని ఎవరో చెబితే పరిగెత్తుకొచ్చారట. మోకాలి లోతు నీళ్ళలోకి చెప్పులతోనే దిగి కనకాన్ని ఎత్తడానికి చెయ్యి వేశారు. బిళ్ళ లేదేం అని అడగలేదు. నిబంధన మనిషి అడగకపోవడం ఎంత పెద్ద సంగతో నాకు తెలుసు.

కనకాన్ని లోపలికి తీసుకెళ్తుంటే అడిగాను, ఆ మాట ఎలా తట్టిందే నీకు అని.

"ఏవోనే అక్కా" అంది వగరుస్తూ. "అందరూ కదుల్తున్నారు. ఏడి గంజి ఎవరి మీదన్నా పడుద్దేవోననిపించింది."

ఇప్పుడు వరండాలో అందరూ వరసగా పడి నిద్రపోతున్నారు. తోటికోడళ్ళిద్దరూ ఒకే కొంగు కప్పుకున్నారు. టీచరమ్మ నోరు తెరిచి నిద్రపోతోంది, రేపు చెబితే ఒప్పుకోదు. నాకు నిద్ర రావడం లేదు. రాకపోయినా హాయిగా ఉంది. నెల రోజులుగా గుండె మీద ఉన్న రోలు ఎవరో దించేసినట్టుంది.

తాళ్ళు: చూడలేదు. ఎవరైనా అడిగితే నేనే జవాబు చెబుతాను.

మౌనం, ఆరో రోజు

ఇవాళ శుక్రవారం. బుధవారం ఇంటికి వెళ్ళి, ఇవాళ రెండోసారి ఆస్పత్రికి దాటాం. ఒక్కసారి కూడా తిరగబడలేదు. కనకం ఈసారి పడుకోలేదు, మధ్యలో బాసింపట్టు వేసుకుని కూర్చుంది. తెల్ల చీర కట్టుకోనని, కనపడే రంగు కావాలని పచ్చ చీర కట్టింది. అలలు రాకముందే చూసి చెబుతోంది.

తిరుగు ప్రయాణంలో దక్షిణామూర్తి గారు మాతో వస్తానన్నారు. పరీక్షను పడవలో కూర్చుని చూస్తేనే లెక్కట. కనకం వెనక ఇరుక్కుని కూర్చున్నారు, కాగితాలు ఒళ్ళో గుండెకి హత్తుకుని. మొగలో మొదటి అలకి కనకం "గంజి" అనగానే అందరికంటే ముందు బిగుసుకుపోయింది ఆయనే. కళ్ళు కూడా ఆర్పలేదు. ఇమ్మానుయేలు నవ్వాపుకోలేక దగ్గాడు.

ఇంటికొచ్చాక ఆయన మా అరుగు మీద కూర్చుని కాగితం నింపారు. సంఘం పేరు, తేలూరు తెడ్ల సంఘం. పడవ పొడుగు, దుంగ ఏ పక్కన, కట్టిందెవరు. బాబాయి తన పేరు రెండుసార్లు చదివించుకున్నాడు. సభ్యుల జాబితా నేను ముందే రాసింది ఇచ్చాను, ఆ పాత కాగితమే.

"ఏడో పేరు దగ్గర రోగి అని ఉంది" అన్నారాయన. "రోగుల్ని జాబితాలో రాయరమ్మా. కొట్టెయ్యనా?"

కనకం లోపల పొయ్యి దగ్గరుంది. చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఆయన చేతిలోంచి కలం తీసుకుని ఆ మాట మీద తనే గీత కొట్టింది. పక్కన తన వంకర అక్షరాలతో, నెమ్మదిగా, "గంజి" అని రాసింది.

దక్షిణామూర్తి గారు ఆ మాటని కాసేపు చూశారు. ఇలాంటి పదవి నిబంధనల్లో ఉందో లేదో గుర్తు చేసుకుంటున్నట్టున్నారు. చివరికి నా పాదం వైపు ఒకసారి చూసి ముద్ర వేశారు.

కనకం లోపలికెళ్ళింది. గిన్నె దింపిన చప్పుడైంది. ఆయన లేవబోతూ ఆగిపోయారు, అరుగు మీద అందరమూ ఆగిపోయాం, అన్నం వార్చేదాకా.

తాళ్ళు: బాగున్నాయి.